కీబోర్డు ఎవరి చేతిలో ఉంది? కంప్యూటర్ సైన్స్‌లోకి అమ్మాయిలు రావాలంటే, వచ్చాక నిలవాలంటే కాలేజీ ఏం చేయాలి

మొదటి సెమిస్టర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ జరుగుతున్నప్పుడు లోపలికి వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఓ పది నిమిషాలు చేతులు మాత్రమే చూడండి. ఇద్దరికో సిస్టం ఉన్నచోట కీబోర్డు మీద ఎవరి చేతులున్నాయి, పెన్ను ఎవరి చేతిలో ఉంది అని గమనించండి. పాఠం చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో నేను ఇది చూడనే లేదు. చూసిన రోజు గుండె కలుక్కుమంది. అబ్బాయి, అమ్మాయి జతగా కూర్చున్న సిస్టంలన్నిట్లో, ఒక్క చోట తప్ప, కీబోర్డు అబ్బాయి ముందుంది. అబ్జర్వేషన్ పుస్తకం అమ్మాయి ముందుంది. అలా కూర్చోమని వాళ్లకెవరూ చెప్పలేదు. దానంతటదే అలా కుదిరిపోయింది. సెమిస్టర్ అయ్యేసరికి ఒకరికి చేయి తిరిగింది, రెండోవారికి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన రికార్డు మిగిలింది.

ఇది డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెప్పేవాళ్లకు, హెచ్‌ఓడీలకు (విభాగాధిపతులకు), ల్యాబ్‌లో సాయం చేసే సీనియర్లకు రాస్తున్నాను. తల్లిదండ్రులకు, సీటు తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న అమ్మాయిలకు చివర్లో కొంచెం ఉంది. నేను నమ్మేది ఒకటే: మార్చాల్సింది అమ్మాయిల్ని కాదు, మొదటి సెమిస్టర్‌ని. పోస్టర్లు, ప్రసంగాలు, ఏడాదికోసారి సన్మానాలు చేయాలనుకుంటే చేసుకోండి, కానీ ఆ డబ్బూ ఓపికా ముందు మొదటి పదిహేను వారాల మీద పెట్టండి.

మొదలుపెట్టే ముందు: ఇది స్వభావం కాదు

"అమ్మాయిలకు ఈ సబ్జెక్టు మీద సహజంగానే ఆసక్తి తక్కువ" అనే మాట స్టాఫ్ రూంలో ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. దానికి జవాబు దగ్గర పెట్టుకోండి, అవసరం పడుతుంది.

1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌కు ప్రోగ్రాములు అమర్చింది ఆరుగురు మహిళలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ప్రదర్శన అయ్యాక జరిగిన విందుకు వాళ్లకు పిలుపు రాలేదు. మనిషి రాసిన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను కంపైలర్ అంటారు; 1952లో తొలి కంపైలర్లలో ఒకదాన్ని తయారుచేసింది గ్రేస్ హాపర్. అమెరికాలోనే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో మహిళల వాటా 1984 ప్రాంతంలో 37 శాతం దాకా వెళ్లింది. అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ 2010 నాటికి 18 శాతం దగ్గరికి పడిపోయింది. పాతికేళ్లలో ఆడపిల్లల బుర్రలు మారిపోవు కదా! మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. ఇళ్లలోకి వచ్చిన తొలి పర్సనల్ కంప్యూటర్లను మగపిల్లల ఆటవస్తువులుగా అమ్మారు. వాటితో ఆడుకుంటూ పెరిగినవాళ్లు కాలేజీకి వచ్చేసరికి, మొదటి కోర్సులు కూడా వాళ్లకు తగ్గట్టే నడవడం మొదలైంది.

మలేషియాలో కథ వేరు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ తరగతుల్లో అమ్మాయిలు సగానికి పైగా ఉన్న సందర్భాలను పరిశోధకులు నమోదు చేశారు. అక్కడివాళ్ల కంటికి అది నీడపట్టున కూర్చుని చేసుకునే పని, మంచి ఉద్యోగం తెచ్చే చదువు, కాబట్టి ఆడవాళ్లకు తగినదే. సబ్జెక్టు ఒకటే. దాన్ని చూసే కళ్లు వేరు.

మొదటి పని: లెక్క తీయండి

"మా దగ్గర అమ్మాయిలు తక్కువ" అనే మాటతో ఏ పనీ మొదలవదు. గత నాలుగైదేళ్ల రికార్డులు తీసి ఐదు అంకెలు రాసుకోండి: దరఖాస్తు చేసినవాళ్లు, చేరినవాళ్లు, మొదటి సెమిస్టర్ దాటి రెండోదానికి వచ్చినవాళ్లు, రెండో ఏడాదిలో ఇదే బ్రాంచిలో మిగిలినవాళ్లు, పట్టా అందుకున్నవాళ్లు. ఒక్కోదాంట్లో అమ్మాయిలెందరు, అబ్బాయిలెందరు వేరువేరుగా రాయండి.

కుండకు చిల్లు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. దరఖాస్తులే తక్కువగా వస్తుంటే మీ పని స్కూళ్లలో, ఇళ్లలో ఉంది. బాగానే చేరి మొదటి ఏడాదిలో తగ్గిపోతుంటే పని మీ ల్యాబ్‌లోనే ఉంది. చివరిదాకా నిలిచి ప్రాజెక్టుల్లో, పై చదువుల్లో కనిపించకపోతే అది ఇంకో రకం జబ్బు.

ఇంకొక్క గడి కూడా చేర్చండి: వెళ్లిపోయినవాళ్ల మార్కులు. నాకు బాగా బాధ కలిగించినది ఇదే. మానేసిన అమ్మాయిల్లో ఎక్కువమంది తప్పినవాళ్లు కాదు. తరగతి సగటు దగ్గరో, అంతకంటే కాస్త పైనో ఉన్నవాళ్లు. "నాకు రావడం లేదు" అనుకుని వెళ్లిపోయారు. వాళ్లకంటే తక్కువ వచ్చిన అబ్బాయిలు "వచ్చే పరీక్షలో చూసుకుందాం" అనుకుని ఉండిపోయారు.

రెండో పని: చేరకముందే పిలవండి

పిలవడమంటే హాలు నిండా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వడం కాదు. పేరు పెట్టి పిలవడం. లెక్కల్లో, భౌతికశాస్త్రంలో, ఆ మాటకొస్తే సంగీతంలో, భాషలో చురుగ్గా ఉన్న అమ్మాయిని పక్కకు పిలిచి ఒక మాట చెప్పమని స్కూలు టీచర్లను అడగండి. ఆ మాట ఇలా ఉంటే చాలు: "నువ్వు ఆ లెక్కను మూడు ముక్కలుగా విడగొట్టి చేశావు చూడు, ప్రోగ్రాం రాయడం అంటే అదే. ఒకసారి ప్రయత్నించు." తాను చేసిన ఫలానా పనిని ఒకరు చూశారు, గుర్తుపెట్టుకున్నారు అన్నది ఆ వయసులో చాలా దూరం తీసుకెళ్తుంది.

చెప్పకూడని మాటలు రెండున్నాయి. "ఇది చాలా సులువమ్మా" అనకండి. చేరాక కష్టమనిపించిన మొదటి రోజే, సులువైనది కూడా తనకు రాలేదని ఆ పిల్ల అనుకుంటుంది. "అమ్మాయిలు కూడా చేయగలరు" అని కూడా అనకండి. ఆ 'కూడా'లోనే అనుమానం ఉంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

ప్రవేశ నిబంధనల్ని కూడా ఓసారి తిరగేయండి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరిన అమ్మాయిలు 7 శాతం. పరిశోధకులు జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ అక్కడి విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడి కారణాలు వెతికారు. ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకే ప్రవేశంలో పెద్దపీట వేయడం మానేశారు, స్కూలు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, అనుభవం లేనివాళ్లు మొదలుపెట్టడానికి వేరే దారి వేశారు. 2000 సంవత్సరానికి చేరినవాళ్లలో అమ్మాయిలు 42 శాతం అయ్యారు. ముందు అనుభవం ఉండటానికీ, చివరికి మంచి ఇంజినీరు కావడానికీ పొంతన ఉండాల్సిన పని లేదని వాళ్లు గ్రహించారు.

సీట్ల సంఖ్యతో మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. భారతదేశంలో ఐఐటీలు 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు సృష్టించి, 2020 నాటికి వాళ్ల వాటా 20 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఉన్న సీట్లలోంచి తీయలేదు, పైన కలిపారు. ఇలాంటిది మీ చేతిలో ఉంటే చేయండి. సీటు ఇచ్చి ల్యాబ్‌ను పాత పద్ధతిలోనే వదిలేస్తే మాత్రం ఆ పిల్లల్ని పిలిచి గుమ్మంలో నిలబెట్టినట్టే.

మూడో పని: మొదటి కోర్సును రెండు దారులుగా చీల్చండి

ఒకే గదిలో ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్లనూ, నిన్నటిదాకా ఆ ఊసే తెలియనివాళ్లనూ కూర్చోబెట్టి "అందరికీ మొదటి నుంచీ చెబుతాం" అంటాం. అక్కడ నిజంగా జరిగేది వేరు. టీచర్ 'వేరియబుల్' అనగానే వెనక బెంచీ నుంచి ఒకరు లేచి మెమరీ ఎలా కేటాయిస్తారని అడుగుతారు. టీచర్‌కు ఉత్సాహం వచ్చి అటు వెళ్లిపోతారు. మిగతా నలభై మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఇందులో అమ్మాయిలకు నష్టం ఎక్కువ ఎందుకంటే, ముందే అనుభవం సంపాదించుకుని వచ్చేవాళ్లలో వాళ్లు తక్కువ. అనుభవం లేని అబ్బాయికీ నష్టమే. కానీ అతను చుట్టూ చూస్తే తనలాంటి మొహాలు కనిపిస్తాయి. ఆమెకు కనిపించవు.

అమెరికాలోని హార్వే మడ్ కాలేజీలో దీన్ని సరిచేసిన తీరు చాలామందికి దారి చూపింది. 2006లో మరియా క్లావే అధ్యక్షురాలిగా వచ్చిన కాలంలో అక్కడి అధ్యాపకులు మొదటి కోర్సును అనుభవాన్ని బట్టి విడగొట్టారు. విభాగాలకు రంగుల పేర్లు పెట్టారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష బదులు పైథాన్ తీసుకున్నారు. ఉత్త సింటాక్స్ (ఆ భాష రాసే నియమాలు) బట్టీ కాకుండా సైన్సు, ఇంజినీరింగ్ సమస్యలు తీర్చడం చుట్టూ పాఠాలు అల్లారు. మొదటి ఏడాది అమ్మాయిల్ని గ్రేస్ హాపర్ పేరు మీద జరిగే మహిళా కంప్యూటింగ్ సదస్సుకు తీసుకెళ్లారు, మొదటి ఏడాది అవగానే పరిశోధనలో పని చేసే వీలు కల్పించారు. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లలో 10 శాతం దగ్గరున్న అమ్మాయిలు కొన్నేళ్లలోనే 40 శాతానికి చేరారు. 2016లో పట్టా తీసుకున్నవాళ్లలో సగం దాటారు.

మీ దగ్గర చేయాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. మొదటి వారంలో ఒక కాగితం ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి: ఇప్పటిదాకా ఏదైనా ప్రోగ్రాం రాశారా? రాస్తే ఎంత పెద్దది? లూప్, ఫంక్షన్ అంటే ఏమిటో ఇంకొకరికి చెప్పగలరా? "మీకు ప్రోగ్రామింగ్ బాగా వచ్చా?" అని అడగొద్దు. రెండు లైన్లు రాసిన అబ్బాయి 'వచ్చు' అని గీసేస్తాడు, రెండు వందల లైన్లు రాసిన అమ్మాయి 'కొంచెం' అని రాస్తుంది. చేసిన పని అడగండి, నమ్మకాన్ని కాదు.

విభాగాలకు పేర్లు పెట్టేటప్పుడు జాగ్రత్త. 'బేసిక్', 'అడ్వాన్స్‌డ్' అన్నారంటే తక్కువ గదిలో పడ్డామని మొదటి రోజే తేలిపోతుంది. రంగులో, అక్షరాలో పెట్టండి. సెమిస్టర్ చివరి పరీక్ష ఇద్దరికీ ఒకటే ఉండాలి, రెండో కోర్సులో ఇద్దరూ ఒకే గదిలోకి రావాలి. అనుభవం ఉన్న విభాగానికి సిలబస్‌కు పైన అదనపు సంగతులు చెప్పండి, వాళ్లకీ విసుగు రాదు. ఇద్దరు టీచర్లు లేకపోతే, ఒకే కోర్సులో ల్యాబ్ బ్యాచీలనైనా ఇలా విడగొట్టండి.

అన్నీ తెలిసినట్టు మాట్లాడే కుర్రాడు ఎలాగూ ఉంటాడు. అందరి ముందూ అతని నోరు మూయించకండి, అతనికీ ఈ సబ్జెక్టంటే ప్రాణం. క్లాసయ్యాక పిలిచి చెప్పండి: "నువ్వడిగేవి మంచి ప్రశ్నలు. మిగతావాళ్లకు ఇంకా అందవు. అవన్నీ రాసిపెట్టుకో, వారానికోసారి నా గదిలో కూర్చుని మాట్లాడుకుందాం." హార్వే మడ్‌లో కూడా ఇలాగే పక్కకు పిలిచి చెప్పేవారు. నా అనుభవంలో ఆ కుర్రాళ్లు నొచ్చుకోలేదు. ఇద్దరు ముగ్గురు నిజంగానే పుస్తకంతో వచ్చారు.

నాలుగో పని: కీబోర్డు పంచండి

మిగతావేవీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపటి ల్యాబ్‌లోనే మొదలుపెట్టొచ్చు.

జతగా ప్రోగ్రాం రాసే పద్ధతికి రెండు పాత్రలుంటాయి. ఒకరు టైపు చేస్తారు, రెండోవారు తర్వాత ఏం రాయాలో చెబుతారు, తప్పులు పడుతున్నాయేమో చూస్తారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ శాఖలో మొదటి కోర్సు విద్యార్థులతో ఈ పద్ధతిని పరిశీలించినప్పుడు, జతగా చేసినవాళ్లు కోర్సు మధ్యలో మానేయడం తగ్గింది, కంప్యూటర్ సైన్స్‌లో కొనసాగినవాళ్లు పెరిగారు. కానీ ఈ పద్ధతికి ప్రాణం పాత్రలు మారడంలో ఉంది. మారకపోతే నేను మొదట చెప్పిన దృశ్యమే, ఒకరు డ్రైవరు, ఇంకొకరు గుమస్తా.

గోడ మీదో, ప్రొజెక్టర్ తెర మీదో అందరికీ కనిపించేలా టైమర్ పెట్టండి. పదిహేను నిమిషాలకు మోగాలి. మోగగానే మధ్యలో ఎంత మంచి ఆలోచన వచ్చినా సరే కీబోర్డు పక్కకు జరగాలి. మనుషులు కుర్చీలు మారనక్కర్లేదు, కీబోర్డు, మౌసు జరిగితే చాలు. మొదటి రెండు ల్యాబులూ గునుస్తారు. మూడోదానికి టైమర్ మోగకముందే జరపడం మొదలవుతుంది. జతల్ని మీరే నిర్ణయించండి, అనుభవం దగ్గర దగ్గరగా ఉన్నవాళ్లను కలపండి, రెండు మూడు వారాలకోసారి మార్చండి. రికార్డు ఇద్దరూ విడివిడిగా రాయాలి. 'నా అక్షరాలు బాగుండవు మేడం' అన్నది కారణం కాదు.

ఇప్పుడు మన చేతుల సంగతి. ఇది నా తప్పు కాబట్టి వివరంగా చెబుతాను.

ఒక అమ్మాయి పది రోజుల ఉష్ణోగ్రతల జాబితాలో అన్నిటికంటే పెద్దది కనుక్కునే ప్రోగ్రాం రాస్తోంది. లూప్‌ను, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ముక్కను, 1 నుంచి 10 దాకా తిప్పింది. తెర మీద ఎర్రగా 'లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్' (జాబితాలో లేని చోటును అడిగావు) అని వచ్చింది. చెయ్యెత్తింది. నేను వెళ్లి, వంగి, ఆమె భుజం మీదుగా చేయి చాపి రెండంకెలు మార్చి రన్ కొట్టాను. పది సెకన్లు పట్టింది. "థాంక్యూ మేడం" అంది. ఆ సెమిస్టర్ మొత్తం మళ్లీ చెయ్యెత్తలేదు. నేను సాయం చేశాననుకున్నాను. నాకు పది సెకన్లలో అయ్యేది తనకు అరగంటైనా కాలేదని మాత్రమే ఆమెకు అర్థమైంది. మరుసటి ఏడాది వేరే బ్రాంచికి మారిపోయింది. కారణం అదొక్కటే అనను, కానీ అందులో నా చేయి ఉంది.

ఆ తర్వాత నేనొక నియమం పెట్టుకున్నాను. పిల్లల సిస్టం దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఇంకో ఏడాది ఇంకో అమ్మాయికి అదే ప్రోగ్రాంలో అదే ఎర్ర అక్షరాలు వచ్చాయి. "ఇది నా వల్ల కాదు మేడం" అంది. "కాగితం మీద పది పెట్టెలు గియ్యి" అన్నాను. గీసింది. "పైథాన్ వాటికి నంబర్లెలా వేస్తుంది?" సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో పెట్టె కింద రాసుకుంటూ వెళ్లింది. ఆఖరి పెట్టె కింద తొమ్మిది రాసి పెన్ను ఆపింది. కాసేపు కాగితం చూసింది, తెర చూసింది. "పది అనే పెట్టే లేదు!" అంది. ఇంకో క్షణం ఆగి, "అయితే మొదటి రోజు ఉష్ణోగ్రత నేను చూడనే లేదు" అంది. రెండో తప్పు నేనడగకుండానే దొరికింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ పక్క సిస్టం దగ్గర ఇంకొకరు చెయ్యెత్తి ఎదురుచూశారు, చూడనివ్వండి.

ల్యాబ్‌లో సాయం చేసే సీనియర్లకు కూడా ఇదే నియమం చెప్పండి: పిల్లల మౌసు ముట్టుకోకూడదు. ఇంకో మాట కూడా నేర్పండి. ఎర్రర్ వచ్చినప్పుడు "ఏం తప్పు చేశావు?" అని కాకుండా "మెషిన్ ఏమంటోంది? గట్టిగా చదువు" అనాలి. ఎర్రర్ సందేశాన్ని పైకి చదవడం అలవాటైతే, సగం సార్లు చదువుతూ చదువుతూనే దొరికిపోతుంది.

ఐదో పని: ప్రశ్నలు, గది

అసైన్‌మెంట్లన్నీ క్రికెట్ స్కోర్లు, కార్ల ఆటలు, యుద్ధాల ఆటలు అయితే కొందరికి అది సొంతిల్లు, కొందరికి పరాయిల్లు. అలాగని అమ్మాయిలకంటూ గులాబీ రంగు ప్రశ్నలు తయారుచేయకండి, అది ఇంకా అవమానం. ఒక్కో అసైన్‌మెంట్‌కు మూడు రూపాలివ్వండి, ఎంచుకోనివ్వండి. లూప్ నేర్పడానికి ఒక కవితలో అక్షరాలు లెక్కపెట్టొచ్చు, డీఎన్‌ఏ వరసలో ఒక ముక్క ఎన్నిసార్లు వచ్చిందో వెతకొచ్చు, పాటలోని స్వరాలను వెనక్కి తిప్పొచ్చు. లూప్ అదే.

గది గురించి ఒక్క మాట. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సప్నా చెర్యన్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, గదిలో అంతరిక్ష సినిమా పోస్టర్లు, వీడియో గేముల పెట్టెలు ఉన్నప్పుడు కంప్యూటర్ సైన్స్ మీద అమ్మాయిల ఆసక్తి తగ్గింది. ప్రకృతి దృశ్యాల వంటివి పెట్టినప్పుడు ఆ తేడా పోయింది. మీ ల్యాబ్ గోడలు ఈ వారమే చూడండి.

ఆరో పని: మొదటి పరీక్ష తర్వాతి వారం

జారిపోయేది ఇక్కడే. మార్కులిచ్చేటప్పుడు తరగతి మొత్తం మార్కులెలా పరచుకున్నాయో పేర్లు లేకుండా బోర్డు మీద గీయండి. 62 వచ్చిన అమ్మాయి తనొక్కతే వెనకబడ్డాననుకుంటుంది. తరగతి సగటు 58 అని తెలిస్తే ఆ రాత్రి వేరుగా గడుస్తుంది.

తర్వాత, మధ్యస్థంగా వచ్చిన ప్రతి అమ్మాయితోనూ, కొత్తగా మొదలుపెట్టిన ప్రతి అబ్బాయితోనూ ఐదు నిమిషాలు కూర్చోండి. పొగడ్త వద్దు, కాగితం తెరవండి. "ఈ మూడో ప్రశ్నలో ఆలోచన సరిగ్గా ఉంది, ఆఖరి షరతు దగ్గర జారింది. ఇది రెండు వారాల్లో సర్దుకుంటుంది. వచ్చే సెమిస్టర్ డేటా స్ట్రక్చర్స్ తీసుకుంటున్నావుగా?" ఆ చివరి ప్రశ్న మరిచిపోకండి. తీసుకోమని ఒకరు అనుకుంటున్నారన్న సంగతి ఆమెకు చేరాలి.

ఏడో పని: ఒంటరిగా ఉంచకండి

ప్రాజెక్టు బృందాలు వేసేటప్పుడు ప్రతి బృందానికీ ఒక్కో అమ్మాయిని 'పంచడం' చాలామంది న్యాయమనుకుంటారు. వద్దు. నలుగురిలో ఒక్కతే అయితే డాక్యుమెంటేషన్, ప్రజెంటేషన్, తేదీలు గుర్తుచేయడం ఆమె నెత్తిన పడతాయి. కొన్ని బృందాల్లో ఇద్దరేసి ఉండనివ్వండి, కొన్నిట్లో అసలు లేకపోయినా ఫరవాలేదు. ఎవరు ఏ ఫైల్ రాశారో ప్రతి వారం చూడండి, మౌఖిక పరీక్షలో ప్రతి ఒక్కరినీ కోడ్ గురించే అడగండి.

ల్యాబ్ సహాయకులుగా రెండో ఏడాది అమ్మాయిల్ని తీసుకోండి. అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లనే కాదు, మొదట తడబడి తర్వాత నిలదొక్కుకున్నవాళ్లను కూడా. "నాకూ పోయినేడు ఇదే ఎర్రర్ వచ్చింది" అని పక్కన నిలబడి చెప్పే అక్క, గోడ మీది ఫొటోకంటే దగ్గరి మనిషి. కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఫ్రాన్సిస్ అలెన్, బార్బరా లిస్కోవ్, షఫీ గోల్డ్‌వాసర్ పేర్లు కూడా చెప్పండి, కానీ వాళ్ల పని ఏమిటో పాఠంలో వచ్చినచోట చెప్పండి. కంపైలర్ ఆప్టిమైజేషన్ చెప్పేరోజు అలెన్ పేరు, క్రిప్టోగ్రఫీ చెప్పేరోజు గోల్డ్‌వాసర్ పేరు. మహిళా దినోత్సవం దాకా ఆగక్కర్లేదు.

ల్యాబ్ రాత్రిదాకా తెరిచి ఉంటే, వెళ్లే దారిలో దీపాలున్నాయా, తోడు దొరుకుతుందా చూడండి. లేకపోతే ఆ గంటలు కొందరికే తెరిచి ఉన్నట్టు. వెకిలి మాటలు, చేష్టల మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో మొదటి రోజే పేరుతో, గది నంబరుతో చెప్పండి. వచ్చిన ఫిర్యాదును నాన్చకండి. ఒక్కసారి నాన్చితే రెండోది మీదాకా రాదు.

ఇంట్లోవాళ్లకు, చేరబోయే అమ్మాయికి

కార్నెగీ మెలన్ అధ్యయనంలో తేలినవాటిలో నన్ను బాగా తాకింది ఇది: చాలా ఇళ్లలో కంప్యూటర్ కొడుకు గదిలో ఉండేది. కూతురు అడిగి వాడుకునేది. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ అందరిదైతే, దానికి గంటలు పంచండి. పాడైతే విప్పి చూసే పని, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని అమ్మాయికి కూడా అప్పజెప్పండి.

అమ్మా, నువ్వు చేరాలా వద్దా అని ఆలోచిస్తుంటే: చిన్నప్పటి నుంచీ కోడ్ రాయకపోవడం లోటు కాదు. మొదటి రెండు మూడు నెలలు పక్కవాళ్లు చాలా ముందున్నట్టు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ముందుగా మొదలుపెట్టారు, అంతే. ల్యాబ్‌లో కీబోర్డు నీ వైపు లాక్కో. ఎర్రర్ వస్తే గట్టిగా చదువు. మానేయాలనిపిస్తే మానే ముందు నీ మార్కులు పట్టుకుని ఒక టీచర్ దగ్గర పది నిమిషాలు కూర్చో.

ఎనిమిదో పని: మళ్లీ లెక్క

సెమిస్టర్ అయ్యాక అవే ఐదు అంకెలు మళ్లీ రాయండి. మొదటి ఏడాది పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. చేరేవాళ్ల సంఖ్య మారడానికి రెండు మూడేళ్లు పడుతుంది, నిలిచేవాళ్ల సంఖ్య మాత్రం ముందే కదులుతుంది. అబ్బాయిల వరస కూడా చూడండి. అనుభవం లేకుండా వచ్చిన అబ్బాయిలు కూడా ఎక్కువమంది మిగిలితే, ఆ కాగితం తీసుకెళ్లి అభ్యంతరం చెప్పిన సహోద్యోగికి చూపించండి.

ఈ పనులన్నిటినీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక్కగానొక్క మేడం మీద వేయకండి. ఆమెకూ క్లాసులున్నాయి, పరిశోధన ఉంది. టైమర్ ఒకరు, మొదటి వారం ప్రశ్నల కాగితం ఇంకొకరు, పరీక్ష తర్వాతి మాటలు ఎవరి సెక్షన్‌కు వాళ్లు. ఎవరు ఏం చేశారు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది ఒక ఫైల్లో రాసి హెచ్‌ఓడీ గదిలో పెట్టండి. వచ్చే ఏడాది మొదటి ల్యాబ్ ఎవరికి పడినా, పదిహేను నిమిషాల టైమర్ ఎందుకుందో అందులో చదువుకుంటారు.